ఒక నల్లాకు రెండు మోటార్లు

"అన్నా, రెండు సాఫ్ట్‌వేర్లు ఒక్కసారే పెడితే స్పీడ్ డబుల్ అయితదా?"

2006లో చైతన్యపురి గల్లీలోని మా నెట్ సెంటర్‌లో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇది. అడిగేవాళ్లు హాస్టల్ పిల్లలు. ఒకే సిస్టమ్‌లో ఫైళ్లు దించే సాఫ్ట్‌వేర్లు బిట్‌కామెట్ ఒక పక్క, యూటొరెంట్ ఇంకో పక్క తెరిచి, ఒకే ఫైలును రెండింటికీ అప్పజెప్పి, కింద కదిలే అంకెల వైపు కన్నార్పకుండా చూస్తూ కూర్చునేవాళ్లు. మొదట్లో నేనూ అయితదనే చెప్పాను. కాదని తెలుసుకోవడానికి నాకు ఒక ఎర్ర నోటుబుక్కు, నాలుగు రాత్రులు, ఒక ఫలితాల రోజు పట్టాయి. ఆ సెంటర్లు ఇప్పుడు లేవు. ఆ ప్రశ్న మాత్రం మా ఇంట్లోనే మళ్లీ వినబడింది. అందుకే ఇది రాస్తున్నాను.

విజయవాడ రోడ్డు మీద వచ్చేవాడికి హైదరాబాద్ ఎల్బీనగర్‌లో మొదలవుతుంది. సూర్యాపేట, నకిరేకల్, చౌటుప్పల్ మీదుగా వచ్చే బస్సూ, నాగార్జునసాగర్ రోడ్డున ఇబ్రహీంపట్నం దాటి వచ్చే బస్సూ కలిసేది ఆ చౌరస్తాలోనే. ట్రంకు పెట్టె, పచ్చడి డబ్బా, ఇంటర్ మెమో పట్టుకుని దిగిన పిల్లలకు అక్కణ్నుంచి నాలుగు స్టాపుల దూరంలో దిల్‌సుఖ్‌నగర్. గడ్డిఅన్నారం, సరూర్‌నగర్, చైతన్యపురి గల్లీల్లో హాస్టళ్లు, మెయిన్ రోడ్డు మేడల మీద కోచింగ్ సెంటర్ల బోర్డులు. గ్రూప్స్, బ్యాంకు, కానిస్టేబుల్, ఐసెట్, హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ ఏదైనా అక్కడ దొరికేది. నేను 2000లో సూర్యాపేట వైపు నుంచి హార్డ్‌వేర్ కోర్సుకు వచ్చాను. 2003లో మా మేనమామ ఇచ్చిన డబ్బుతో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల బజారు చుట్టూ పది రోజులు తిరిగి, ఎనిమిది సిస్టమ్‌లతో సెంటర్ తెరిచాను.

అప్పటికి మన దేశంలో ఇంటర్నెట్ వయసు ఎనిమిదేళ్లు. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ దాన్ని జనానికి తెరిచింది. 1998 నవంబరు నుంచి ప్రైవేటు కంపెనీలకూ అనుమతి వచ్చింది. నేను మొదలుపెట్టిన రోజుల్లో ఇళ్లలో ఉన్నది ఫోన్ తీగ మీద నడిచే డయలప్. మోడెమ్ మీద 56 కేబీపీఎస్ అని రాసి ఉన్నా సెకనుకు ఐదు కేబీ వస్తే పండగే. ఆ లెక్కన 700 ఎంబీ సీడీ ఒకటి దించాలంటే నలభై గంటలు ఫోన్ ఎత్తిపెట్టి ఉంచాలి. ఎవరూ ఆ పని చెయ్యలేరు. అందుకే మా గల్లీలో పెద్ద ఫైళ్ల కథ కేబుల్ నెట్‌తో మొదలైంది.

కేబుల్ టీవీ వేసే ఆయనే నెట్ కూడా వేశాడు. మేడల మీద నుంచి మేడల మీదకు నీలం క్యాట్-5 వైరు, వానకు తడవకుండా పాలిథిన్ కవర్లో చుట్టి వాటర్ ట్యాంకు కాలికి కట్టిన స్విచ్ పెట్టెలు. ఆయన పైనుంచి తెచ్చుకున్న లైను ఒకటే. దాని కింద ముప్పై ఇళ్లు, రెండు నెట్ సెంటర్లు. మధ్యాహ్నం రెండింటికి గుర్రంలా పరిగెత్తేది, రాత్రి ఎనిమిదింటికి కుంటేది. ఎందుకని అప్పట్లో మేం అడగలేదు. నెట్ స్లో అనుకున్నామంతే.

2004లో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ విధానం తెచ్చి, కనీసం 256 కేబీపీఎస్ ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అంది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చింది. నేను నా గదికి ఐదొందల రూపాయల ప్లాన్ పెట్టించుకున్నాను. పగలు వాడకానికి లెక్క ఉంది. రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా లెక్క లేదు. ఎంతైనా దించుకోవచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌లో సగం మంది కుర్రాళ్ల నిద్రవేళల్ని మార్చింది ఆ ఆరు గంటలే. ఒంటిగంట యాభై ఐదుకు అలారం పెట్టుకుని లేచేవాళ్లు. రెండు నిమిషాలు ఆలస్యంగా మొదలుపెట్టేవాళ్లు, గడియారం తేడా వచ్చి లెక్కలోకి ఎక్కుతుందేమోనన్న భయంతో.

ఇక్కడొక చిన్న లెక్క చెయ్యాలి. 256 కేబీపీఎస్ అంటే సెకనుకు 32 కేబీ. ఆరు గంటలంటే 21,600 సెకన్లు. ఒక్క సెకను కూడా వృథా కాకుండా పూర్తి వేగంతో వచ్చినా దిగేది 675 ఎంబీ. సీడీ సైజు 700. ఇరవై ఐదు ఎంబీ తక్కువ! అన్నీ కలిసొచ్చిన రాత్రి కూడా ఎనిమిది కొట్టేసరికి తెర మీద తొంభై ఆరు శాతం దగ్గర ఆగి ఉండేది. ఆ మిగిలిన నాలుగు శాతం కోసం ఇంకో రాత్రి మేలుకోవాలి. రెండు సాఫ్ట్‌వేర్ల ఆశ ఎక్కడ పుట్టిందని నన్నడిగితే ఆ ఇరవై ఐదు ఎంబీ దగ్గరే పుట్టిందంటాను. అంత దగ్గరికి వచ్చి ఆగిపోయినప్పుడు మనిషి ఏ చిట్కానైనా నమ్ముతాడు.

ఆ నమ్మకానికి ఒక ఆధారమూ ఉంది. అంతకుముందు మేం ఫ్లాష్‌గెట్, డౌన్‌లోడ్ యాక్సిలరేటర్ లాంటివి వాడేవాళ్లం. ఒక ఫైలును ఐదు భాగాలు చేసి, ఒకే సర్వర్ నుంచి ఐదు దారుల్లో లాగేవి. ఒక్కో కనెక్షన్‌కు ఇంతే ఇస్తానని కట్టడి పెట్టుకున్న సర్వర్ దగ్గర అది నిజంగానే పనిచేసేది. ఒక దారికంటే ఐదు దారులు మేలని చేతులకు అలవాటైపోయింది. టొరెంట్ వచ్చాక కూడా అదే చేత్తో పట్టుకున్నాం.

టొరెంట్ పుట్టుకే వేరు. అమెరికాలో బ్రామ్ కోహెన్ అనే ప్రోగ్రామర్ 2001 జులైలో బిట్‌టొరెంట్‌ను లోకానికి చూపించాడు. దాని తీరు మా హాస్టల్ పిల్లలకు నేను జిరాక్స్ నోట్సుతో చెప్పేవాణ్ని. కోచింగ్ సెంటర్ నోట్సు నాలుగు వందల పేజీలు ఒక్కడే జిరాక్స్ తీయించాలంటే డబ్బు చాలదు, దుకాణం ముందు క్యూ కదలదు. అదే ఇరవై మంది తలా ఇరవై పేజీలు తీయించి, గదికి వచ్చి ఒకరివి ఒకరు మార్చుకుంటే? టొరెంట్ చేసేది అదే. ఫైలును చిన్న ముక్కలు చేస్తుంది. ప్రతి ముక్కకూ వేలిముద్ర లాంటి ఒక గుర్తు ఉంటుంది, తప్పు ముక్క వస్తే పట్టుకుని పారేస్తుంది. అన్నిటికన్నా తక్కువ మంది దగ్గర ఉన్న ముక్కను ముందు వెతుకుతుంది. మొత్తం ఫైలు ఉన్నవాణ్ని సీడర్ అంటారు. ఇంకా తీసుకుంటున్నవాణ్ని మా సెంటర్లో లీచర్ అనేవాళ్లం.

అందులో నాకు బాగా నచ్చింది దాని ధర్మం. కోహెన్ 2003లో దాన్ని ఒక వ్యాసంలో వివరించాడు. నీ కంప్యూటర్ ప్రతి పది సెకన్లకోసారి లెక్క చూసుకుంటుంది: నాకు ఎవరు ఎక్కువ ఇస్తున్నారు? అలాంటి నలుగురికే తిరిగి ఇస్తుంది. మిగతావాళ్లను ఆపుతుంది. ఇంకా ఏమీ ఇవ్వలేని కొత్తవాడు కూడా బతకాలి కనుక ముప్పై సెకన్లకోసారి లెక్క చూడకుండా ఒకరికి అవకాశం ఇస్తుంది. ఇచ్చేవాడికే వచ్చే ఏర్పాటు ఇది. దేశదేశాల్లో ముఖం తెలియని మనుషుల మధ్య ఇంత న్యాయంగా పంపకం జరుగుతుందని తెలిసిన రోజు నాకు చాలా సంతోషమైంది.

ఇప్పుడు ప్రశ్నకు వద్దాం. 2006 వర్షాకాలంలో నా గదిలో నాలుగు రాత్రులు పరీక్ష పెట్టాను. దించింది ఉబుంటు లినక్స్ సీడీ. ఆ జూన్‌లోనే కొత్తది వచ్చింది. హార్డ్‌వేర్ ఇన్‌స్టిట్యూట్ల పిల్లలు దానికోసం అడుగుతున్నారు. సీడర్లకు లోటు లేదు. ఎర్ర నోటుబుక్కులో నేను రాసుకున్న అంకెలు ఇవి. మొదటి రాత్రి యూటొరెంట్ ఒక్కటే: సగటున సెకనుకు 28 కేబీ. రెండో రాత్రి యూటొరెంట్, బిట్‌కామెట్ రెండూ, వేర్వేరు ఫోల్డర్లలో: ఒకటి 13, ఇంకొకటి 12. కూడితే 25. మూడు కేబీ తగ్గింది. అంతకన్నా ఘోరం, రెండూ ఒకే ఫైలును మొదటి నుంచి చివరిదాకా వేర్వేరుగా దించుతున్నాయి. పొద్దునకు రెండు సగం సీడీలు మిగిలాయి. రెండు సగాలు కలిపితే ఒకటి కాదు, ఎందుకంటే చాలా ముక్కలు రెండింట్లోనూ అవే.

ఎందుకు తగ్గింది? దానికి మూడు కారణాలు నాకు తర్వాత అర్థమయ్యాయి. ఒకటి, టొరెంట్ సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఉన్నా అది ఒకేసారి పదులకొద్దీ మనుషులతో మాట్లాడుతూనే ఉంటుంది. లైను అప్పటికే నిండుగా ఉంది. రెండోది వచ్చి కొత్తగా నింపేదేమీ లేదు. రెండు, ఇచ్చేవాడికే వచ్చే ధర్మం. నేను బయటికి ఇవ్వగలిగింది కొంచెమే. దాన్ని రెండు సాఫ్ట్‌వేర్లకు పంచితే అవతలివాళ్ల కళ్లకు నేను ఇద్దరు పిసినారులుగా కనిపిస్తాను. వాళ్ల నలుగురి జాబితాలోకి ఎక్కడం ఇంకా కష్టమవుతుంది. మూడోది ఫోన్ తీగ సంగతి. ఆ లైనులో వచ్చే దారికంటే పోయే దారి ఇరుకు. ముక్క అందిందని అవతలివాడికి రసీదు పంపాలి. పోయే దారి అప్‌లోడ్‌తో నిండిపోతే ఆ రసీదు ఆలస్యమవుతుంది. రసీదు అందకపోతే అవతలివాడు పంపడం తగ్గిస్తాడు.

మూడో రాత్రి ఒక్క యూటొరెంటే పెట్టి, అప్‌లోడ్‌ను లైను సత్తాలో ఎనభై శాతానికి కట్టడి చేశాను. సగటు 30 కేబీకి పెరిగింది. నాలుగో రాత్రి మళ్లీ అదే చేసి చూశాను, మళ్లీ అంతే. రెండు సాఫ్ట్‌వేర్లు ఇవ్వలేనిది ఒక్క సెట్టింగ్ ఇచ్చింది.

మరి కొందరికి రెండోది పెట్టగానే స్పీడ్ పెరిగిందంటే అబద్ధమా? కాదు. నా కళ్ల ముందే పెరిగింది. ఒక్కోసారి మొదటి సాఫ్ట్‌వేర్‌లో ఎవరో స్పీడ్‌కు హద్దు పెట్టి మరిచిపోయి ఉండేవాళ్లు. ఒక్కోసారి దాని పోర్టు మూసి ఉండేది, బయటివాళ్లు మనల్ని చేరలేకపోయేవాళ్లు. రెండోదాని పోర్టు తెరిచి ఉండి వేగం వచ్చేది. అది సెట్టింగ్ బాగున్నందువల్ల వచ్చిన ఫలం. మొదటిదాన్ని సరిచేసినా అంతే వచ్చేది. 2004లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 సగం తెరుచుకున్న కనెక్షన్లు ఒకేసారి పదికి మించకుండా కట్టేసింది. ఆ కట్టడి మొత్తం సిస్టమ్‌కు. సాఫ్ట్‌వేర్లు రెండైనా ఆ పదినే పంచుకోవాలి. ఇక రెండింటికీ ఒకే ఫోల్డర్ చూపించిన పిల్లల కష్టం చెప్పలేను. ఒకటి రాసినదాని మీద ఇంకొకటి రాసేది, వేలిముద్ర సరిపోక ముక్కలు చెత్తబుట్టలోకి పోయేవి.

ఇంతవరకూ నా గదిలోని సంగతి. సెంటర్‌లోని కేబుల్ లైను మీద మాత్రం రెండు పెడితే నిజంగానే వేగం పెరిగేది. ఆ సంగతి నాకు ఎంసెట్ ఫలితాల రోజున తెలిసింది.

ఆ రోజు పొద్దుటి నుంచే సెంటర్ నిండిపోయింది. మెట్ల మీద కూడా మనుషులే. మూల క్యాబిన్‌లో ఒక హాస్టల్ అబ్బాయి ముందు రోజే డబ్బులు కట్టి, రెండు సాఫ్ట్‌వేర్లలో డౌన్‌లోడ్ పెట్టుకుని కూర్చున్నాడు. వాడికి ఆ రోజున్నంత స్పీడ్ ఎప్పుడూ రాలేదు. మిగతా ఏడు సిస్టమ్‌లలో ఫలితాల పేజీ తెరుచుకోవడం లేదు. ఎల్బీనగర్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కూతురి హాల్‌టికెట్ చేతిలో పట్టుకుని గంటసేపు నిలబడ్డాడు. "బాబూ, ఇంకోసారి కొట్టి చూడు బిడ్డా" అని ప్రతి ఐదు నిమిషాలకూ అడిగాడు. ఆ అమ్మాయి గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. సర్వర్ మీద జనం ఎక్కువున్నారని చెప్పాను. నేను అదే నిజమనుకున్నాను. అబ్బాయి టీ తాగడానికి లేచి అన్నీ ఆపాడు. అర నిమిషంలో పేజీ తెరుచుకుంది. ర్యాంకు మంచిదే వచ్చింది. పెద్దమనిషి నా చెయ్యి పట్టుకుని దండం పెట్టాడు. నాకు ఆ దండం తీసుకునే అర్హత లేదనిపించింది.

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. పంచుకున్న లైను మనుషుల్ని లెక్కపెట్టదు, కనెక్షన్లను లెక్కపెడుతుంది. దారి ఇరుకైన చోట ప్రతి కనెక్షన్‌కూ ఇంచుమించు సమానంగా వస్తుంది. ఫలితాల పేజీ అడిగిన అమ్మాయిది ఒకటో రెండో కనెక్షన్లు. మూలనున్న అబ్బాయివి వంద. రెండో సాఫ్ట్‌వేర్ పెట్టాక రెండు వందలు. వాడికి పెరిగిన వేగం ఆకాశం నుంచి ఊడిపడలేదు. పక్క క్యాబిన్ నుంచి, పై అంతస్తు నుంచి, వెనక గల్లీలోని ముప్పై ఇళ్ల నుంచి వచ్చింది. రాత్రి ఎనిమిదింటికి లైను ఎందుకు కుంటుతుందో కూడా అప్పుడే తెలిసింది.

మా వైపు ఇది కొత్త సంగతి కాదు. నల్లా దగ్గర అందరం చూసిందే. కృష్ణా నీళ్లు కోదండాపూర్ నుంచి గున్‌గల్ మీదుగా సాహెబ్‌నగర్ రిజర్వాయర్‌కు రావడం మొదలైంది 2004లో. దానికి ముందూ తర్వాతా మా గల్లీలో రోజు విడిచి రోజు గంటసేపే నీళ్లు. అర అంగుళం పైపుకు మోటారు బిగించి లాగేవాళ్లు కొందరు. వాళ్ల సంపు నిండుతుంది, గల్లీ చివరి ఇంట్లో బిందె ఎండుతుంది. ఇక ఒకే పైపుకు రెండు మోటార్లు పెడితే నీళ్లు రెట్టింపు కావు, రెండూ ఒకదాని నోటి నుంచి ఇంకొకటి లాక్కుంటాయి. సొంత లైను మీద రెండు టొరెంట్లదీ అదే గతి. పంచుకున్న లైను మీద అయితే అది పక్కింటి బిందె.

మర్నాడు గోడ మీద ఒక కాగితం అంటించాను. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పది దాకా టొరెంట్ లేదు. రాత్రి నేనే ఒక్క సిస్టమ్‌లో పెడతాను, కావలసినవాళ్లు పొద్దున లోపలి నెట్‌వర్క్ మీద తీసుకోవచ్చు. స్విచ్ మీద లోపలి వేగం 100 ఎంబీపీఎస్. ఒక సీడీ రెండు నిమిషాల్లో ఎనిమిది సిస్టమ్‌లలో ఏదానికైనా చేరేది. బయటి నుంచి ఒక్కసారే తెచ్చి, ఇంట్లో అందరూ పంచుకోవడం. కొందరు కోపమై వేరే సెంటర్‌కు పోయారు. చాలామంది ఉండిపోయారు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. మా సెంటర్‌లో లినక్స్ కంటే ఎక్కువ దిగింది సినిమాలే. అది తప్పు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది. 2012లో 'దమ్ము', '3' సినిమాల కోసం మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో ఇంటర్నెట్ కంపెనీలు టొరెంట్ సైట్లు మూశాయి. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' విడుదలకు ముందే సగం సినిమా బయటికి వచ్చినప్పుడు నాకు దిల్‌సుఖ్‌నగర్‌లోని కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల ముందు సైకిళ్లు కాపలా కాసేవాళ్లు, పల్లీలు అమ్మేవాళ్లు గుర్తొచ్చారు. ఇచ్చేవాడికే వచ్చే ధర్మం అని పిల్లలకు చెప్పిన నేను, ఆ సినిమా తీసినవాళ్లకు ఏమీ ఇవ్వకుండా తీసుకోనిచ్చాను.

సెంటర్ల కాలం ఒక్కసారిగా ముగియలేదు. 2007 జనవరి 1 నుంచి బీఎస్ఎన్ఎల్ వేగాన్ని 2 ఎంబీపీఎస్ దాకా పెంచింది. ఆరు గంటల్లో దిగని సీడీ ఇంట్లోనే యాభై నిమిషాల్లోపు దిగసాగింది. 2011లో సైబర్ కెఫేల నిబంధనలు వచ్చాయి. గుర్తింపు కార్డు చూడాలి, రిజిస్టర్ ఏడాది దాచాలి, క్యాబిన్ గోడ నాలుగున్నర అడుగులు దాటకూడదు. నేను ప్లైవుడ్ కోయించాను. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం మా రోడ్డు మీద రెండు బాంబులు పేలాయి. రోజూ మేం టిఫిన్ తినే చోటు అది. ఆ తర్వాత చాలా నెలలు గల్లీలో పిల్లలు పలచబడ్డారు. కొందరి తల్లిదండ్రులు వచ్చి తీసుకుపోయారు. 2015లో నేను షట్టర్ దించాను. మరుసటి ఏడాది సెప్టెంబరు 5న జియో వచ్చింది. 2017 మార్చిలో ఏసీటీ కంపెనీ హైదరాబాద్‌లో 1 జీబీపీఎస్ ప్రకటించింది. దాని మీద మా పాత సీడీ దిగడానికి ఆరు సెకన్లు చాలు. ఆరు గంటలు చాలని చోట ఆరు సెకన్లు! 2018 సెప్టెంబరు 24న మెట్రో ఎల్బీనగర్ దాకా వచ్చింది. మా సెంటర్ ఉన్న మేడ మీద ఇప్పుడు బిర్యానీ దుకాణం ఉంది.

మొన్న దసరాకు మా అక్క కొడుకు వచ్చాడు. ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్. ల్యాప్‌టాప్‌లో రెండు టొరెంట్ సాఫ్ట్‌వేర్లు తెరిచి, "మామా, రెండు పెడితే ఫాస్ట్ అవుతుందా?" అన్నాడు. అటక మీద నుంచి ఎర్ర నోటుబుక్కు దించి 28, 25, 30 అంకెలు చూపించాను. ఒకదాన్ని మూయించి, పోర్టు సరిచేసి, అప్‌లోడ్‌కు హద్దు పెట్టాను. సీడర్లు ఉన్న ఫైలు కనుక లైను ఎంతుందో అంత వచ్చింది. సీడర్లే లేని ఫైలుకు నాలుగు సాఫ్ట్‌వేర్లు పెట్టినా రాదని, ఇచ్చేవాడు లేని చోట ఎన్ని చేతులు చాపినా ఒకటేనని చెప్పాను.

నేను ఇప్పటికీ ఒక పాత సిస్టమ్‌ను రాత్రుళ్లు ఆన్‌లో ఉంచుతాను. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2012 నుంచి తన పుస్తకాలకు టొరెంట్లు ఇస్తోంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు వేలకొద్దీ అందులో ఉన్నాయి. కాపీరైటు తీరిపోయినవి కొన్ని దించి, మళ్లీ ఇస్తూ ఉంటాను. ఎవరు తీసుకుంటున్నారో తెలియదు. ఒక రాత్రి ఒక్కరు వస్తారు, నాలుగు రాత్రులు ఎవరూ రారు. వచ్చిన రోజు నోటుబుక్కు చివరి పేజీలో రాసుకుంటాను. పోయిన నెల లెక్క ఇది: తీసుకున్నది 4 జీబీ, ఇచ్చింది 31.